తంబోలా ఆడేవారికీ, ఆడించేవారికీ: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకమాసం వచ్చిందంటే విజయవాడ, గుంటూరుల్లో ఆదివారాలన్నీ వనభోజనాలకే పోతాయి. ఉసిరిచెట్టు కింద పూజ, విస్తళ్ళలో భోజనాలు అయ్యాక ఎండ తగ్గేదాకా అందరూ కలిసి చేసే పని ఒకటే, తంబోలా. సంచిలోంచి నంబరు బిళ్ళలను ఒక్కొక్కటిగా తీసి చదువుతుంటే, ఆడేవారు తమ టికెట్టులో ఉన్న ఆ నంబర్లను కొట్టేసుకుంటూ పోయే ఆట ఇది. సంక్రాంతికి అపార్టుమెంటు సెల్లారులోనూ, మహిళల కిట్టీ పార్టీల్లోనూ, విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశాల్లోనూ ఇదే ఆట. పటమటలో మా కాలనీ సంఘం తరఫున నంబర్లు చదివే పని కొన్నేళ్ళుగా నా మీద పడింది. తంబోలాకు పూర్తిగా అదృష్టమే ఆధారం కనుక ఆడేవారి చేతిలో ఉన్నది పద్ధతి ఒక్కటే. నేను చూసిన తగాదాల్లో ఒక్కటి కూడా బహుమతి విలువ గురించి కాదు, ఎవరు ముందు అరిచారన్న దాని గురించే. అందుకే మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులను ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

తంబోలా, హౌసీ, బింగో ఒకటేనా?

వంశం ఒకటే, ఇళ్ళు వేరు. ఇటలీలో 1530 నుంచి సాగిన లాటరీ ఆటను వీటికి మూలంగా చెబుతారు. తంబోలా అన్న మాట కూడా ఇటాలియన్ టాంబోలా నుంచి వచ్చినదే. బ్రిటిష్ సైనికులు దీన్నే హౌసీ హౌసీ అంటూ ఆడేవారు. మన దేశంలో క్లబ్బుల్లో ఆ పేరు అలాగే నిలిచిపోయింది. బ్రిటన్‌లో నేటి బింగో, మన తంబోలా రెండూ 90 నంబర్లతో ఆడేవే. అమెరికా బింగో మాత్రం 75 నంబర్లది, దాని టికెట్టు రూపమే వేరు. అక్కడ ఒకప్పుడు గడులపై చిక్కుడు గింజలు పెట్టి ఆడేవారు కాబట్టి బీనో అనేవారు, ఆ తరువాతే బింగో అన్న పేరు వ్యాపించింది.

టికెట్టును ఎలా చూసుకోవాలి?

టికెట్టులో అడ్డంగా మూడు వరుసలు, తొమ్మిది నిలువు వరుసలు, మొత్తం 27 గడులు ఉంటాయి. ప్రతి అడ్డ వరుసలో ఐదు నంబర్లు, నాలుగు ఖాళీలు. అంటే టికెట్టుకు 15 నంబర్లు. మొదటి నిలువు వరుసలో 1 నుంచి 9 వరకు, రెండో దానిలో 10 నుంచి 19 వరకు, అలా సాగి చివరి దానిలో 80 నుంచి 90 వరకు వస్తాయి. కొత్తగా ఆడేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. 47 అని వినగానే టికెట్టంతా వెతకనక్కరలేదు, ఐదో నిలువు వరుసను చూస్తే సరిపోతుంది. మంచి అచ్చు టికెట్లు ఆరేసి కలిపి ఒక షీటుగా వస్తాయి. ఆ ఆరింటిలో 1 నుంచి 90 వరకు ప్రతి నంబరూ ఒక్కసారే ఉంటుంది.

నంబరు వచ్చినప్పుడు దానిమీద ఒక్క అడ్డగీత గీయండి. కొందరు కసిగా గుండ్రంగా రుద్ది అంకె కనబడకుండా చేస్తారు. తీరా బహుమతి అడిగినప్పుడు అది 36నో 38నో వారికే తెలియదు. చదవడానికి వీలులేని నంబరును రానట్టుగానే లెక్కిస్తారు.

ఏయే బహుమతులు ఉంటాయి?

సాధారణంగా ముందు ఐదు నంబర్లు ఎవరికి వస్తే వారికి జల్దీ ఫైవ్, ఆపైన నాలుగు మూలలు, పై వరుస, మధ్య వరుస, కింది వరుస, చివరకు టికెట్టులోని 15 నంబర్లూ నిండితే ఫుల్ హౌస్. జనం ఎక్కువగా ఉంటే రెండో ఫుల్ హౌస్, మూడోది కూడా పెడతారు. నాలుగు మూలలంటే పై వరుసలోనూ కింది వరుసలోనూ మొదటి, చివరి నంబర్లు. కాగితం మూలల్లో ఉన్న ఖాళీ గడులు కావు. ఈ పొరపాటు ప్రతి ఏడూ ఎవరో ఒకరు చేస్తారు.

ఏ బహుమతి ఎంతసేపటికి వస్తుందో ఒక లెక్క ఉంది. ఒకే ఒక్క టికెట్టును తీసుకుంటే సగటున జల్దీ ఫైవ్ దాదాపు 28వ నంబరు దగ్గర, నాలుగు మూలలు 73 దగ్గర, ముందే అనుకున్న ఒక వరుస 76 దగ్గర, ఫుల్ హౌస్ 85 దగ్గర పూర్తవుతాయి. వంద టికెట్లు ఆటలో ఉన్నప్పుడు వాటిలో అదృష్టమున్నది ఎంతో ముందే నిండుతుంది కాబట్టి మన టికెట్టుకు 85 దాకా వేచి చూసే అవకాశమే రాదు. యాభై నంబర్లు అయ్యేసరికి టికెట్టు సగమే నిండిందని ఎవరైనా నీరసపడితే, అది దురదృష్టం కాదని వారికి ఈ లెక్క చెప్పండి.

బహుమతి ఎప్పుడు అడగాలి?

తగవులన్నీ ఇక్కడే పుడతాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. మీకు కావలసిన ఆఖరి నంబరు చదవగానే, తరువాతి నంబరు చదవడం మొదలుకాకముందే, అందరికీ వినబడేలా చెప్పాలి. చెయ్యి ఎత్తితే చాలదు, పక్కవారితో అంటే చాలదు, లేచి నడిచి వచ్చేలోగా ఇంకో నంబరు చదివేస్తే ఆలస్యమైనట్టే. "ఆగండి" అని అరిస్తే ఆట ఆగుతుంది. ఆ తరువాత ఏ బహుమతో నెమ్మదిగా చెప్పవచ్చు.

అనేక చోట్ల ఇంకొక కట్టుబాటు కూడా ఉంది: బహుమతి అడిగేవారి వరుసలో ఇప్పుడే చదివిన నంబరు ఉండి తీరాలి. నాలుగు నంబర్ల కిందటే పై వరుస నిండినా మీరు మాటల్లో పడి చూసుకోలేదనుకోండి, ఆ అవకాశం పోయినట్టే. ఇది కఠినంగా అనిపించవచ్చు గానీ, ఈ కట్టుబాటు లేకపోతే మాత్రం అప్పటికే బహుమతి తీసుకున్న వారి మీదికి "నాకు మీకంటే ముందే వచ్చింది" అంటూ మరొకరు వస్తారు. మా సంఘంలో నిండుగా భోజనం చేసి కూర్చున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ నియమాన్ని కొంత సడలించాం. తరువాతి నంబరు చదవకముందే అడిగితే, ఇప్పుడే చదివిన నంబరు వారి వరుసలో లేకపోయినా సరే ఒప్పుకుంటాం. మీ దగ్గర ఏ పద్ధతి పాటించినా ఫరవాలేదు, మొదటి నంబరు తీయకముందే మైకులో చెప్పాలి. ఆట మధ్యలో చెప్పిన నియమాన్ని ఎవరూ నమ్మరు.

టికెట్టును సరిచూసే పని నంబర్లు చదివేవారిది కాదు, వారి పక్కన, చదివిన బిళ్ళలు పేర్చే బోర్డు దగ్గర కూర్చున్న రెండో మనిషిది. టికెట్టులోని నంబర్లను ఆయన పైకి చదవాలి, బోర్డు మీద ఆ బిళ్ళ ఉందో లేదో అందరూ చూడాలి. గుసగుసగా చూసి "సరిపోయింది" అనేస్తే, నిజంగా సరిపోయినా ఎవరో ఒకరి మనసులో ఏదో ఒకటి మిగిలిపోతుంది.

బోగీ అంటే ఏమిటి?

నిండని దాన్ని నిండిందని చెప్పి అడిగితే అది బోగీ. దీనికి రైలు బోగీతోనూ, భోగిపండుగతోనూ ఏ సంబంధమూ లేదు. పొరపాటున 26ను 62గా విన్నా బోగీయే. బోగీ అయిన టికెట్టు ఆ ఆటలో మిగిలిన అన్ని బహుమతులకూ పోతుందన్నది గట్టి పద్ధతి. ఆ బహుమతికి మాత్రమే పోతుందన్నది మెత్తని పద్ధతి. పిల్లలు, వృద్ధులు ఎక్కువగా ఉన్నచోట మెత్తనిదే నయం. బోగీ అయినవారిని చూసి పగలబడి నవ్వడం మాత్రం చాలామందికి అలవాటు. సరిచూసేవారు "పరవాలేదండీ, ఆట కొనసాగుతోంది" అని వెంటనే తరువాతి నంబరుకు వెళ్ళిపోతే ఆ ఇబ్బంది అక్కడితో సమసిపోతుంది.

ఇద్దరు ఒకేసారి అడిగితే?

పంచాలి. ఒకే నంబరు మీద ఇద్దరికి నిండితే ఎవరి గొంతు ముందు లేచిందన్నది చూడకూడదు. స్టీలు డబ్బాను సగం చేయలేం కాబట్టి ఒకే రకం బహుమతులు మూడు నాలుగు అదనంగా తెచ్చి పెట్టుకోవడం తెలివైన పని. చీటీ వేస్తే కూడా సరే, కానీ ఓడినవారికి ఒక చాక్లెట్టు ఇచ్చినా ముఖం వేరుగా ఉంటుంది.

నంబర్లను ఎలా చదవాలి? తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

రెండింటిలోనూ, అంకెలు విడదీసి. తెలుగులో ఇరవై, అరవై అన్నవి మైకులో ఒకేలా వినబడతాయి. యాభై, ఎనభై కూడా అంతే. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ చిక్కు తెచ్చిపెడతాయి. "అరవై ఆరు, ఆరు ఆరు, సిక్స్టీ సిక్స్" అని ఒక్కసారి చదివితే ఎవరూ మళ్ళీ అడగరు. రెండు నంబర్ల మధ్య కనీసం ఐదారు సెకన్లు ఆగాలి. ఆరు టికెట్లు పట్టుకున్నవారికి అంతకంటే కొంచెం ఎక్కువే పడుతుంది.

నంబర్లకు ముద్దుపేర్లు పెట్టి చదవడం ఈ ఆటకు ఉన్న పాత సరదా. బ్రిటన్‌లో 11ను లెగ్స్ ఎలెవెన్ అంటారు, 88ను టూ ఫ్యాట్ లేడీస్ అంటారు. ఈ రెండోదాన్ని మా దగ్గర వాడము; నవ్వేవారి మధ్యలో నవ్వలేని ఒకావిడ తప్పకుండా ఉంటుంది. మన పేర్లు మనకు కావలసినన్ని ఉన్నాయి. 5 పంచపాండవులు, 9 నవగ్రహాలు, 14 రాములవారి వనవాసం, 18 భారత పర్వాలు, 27 నక్షత్రాలు, 60 షష్టిపూర్తి, 64 కళలు. స్థానికంగా ఇంకా బాగా పండేవి కూడా ఉన్నాయి. 7 అనగానే "గుంటూరు బండి", 16 అనగానే "బెజవాడ బండి" అని పాత రిజిస్ట్రేషన్ల లెక్కన చెబితే యాభై దాటినవారంతా చప్పట్లు కొడతారు. 39 అంటే ఆ తరువాత వచ్చిన కొత్త సిరీస్ బండ్లు. 70 వస్తే నేను "బ్యారేజీ గేట్లు" అంటాను, ప్రకాశం బ్యారేజీకి ఉన్నవి అన్నే కాబట్టి. అయితే ముద్దుపేరు చెప్పి ఊరుకోకూడదు, ఆ వెంటనే నంబరును స్పష్టంగా చదవాలి. కొత్తగా మన ఊరికి వచ్చిన కోడలికి గుంటూరు బండి ఎంతో ఎలా తెలుస్తుంది?

బిళ్ళలు, బోర్డు విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఆట మొదలుపెట్టే ముందు బోర్డు గుంటల్లో 90 బిళ్ళలూ పేర్చి చూసి, ఆ తరువాతే సంచిలో వేయాలి. దీన్ని నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఆగిరిపల్లి వైపు మామిడితోటలో ఒక వనభోజనానికి ఆ పని చేయకుండానే ఆట మొదలుపెట్టాను. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ టికెట్టులో 43 ఒక్కటే మిగిలింది. పదిహేను, ఇరవై నంబర్లు వెళ్ళాయి, అది రాలేదు. ఫుల్ హౌస్ వేరొకరికి వెళ్ళింది, బహుమతి ఇచ్చేశాం, ఫొటో కూడా తీశారు. చివర్లో బిళ్ళలన్నీ సర్దుతుంటే 43 గుంట ఖాళీగా మిగిలింది. సంచి కుట్టు ఊడినచోట, అస్తరు మడతలో ఇరుక్కుని ఉంది ఆ బిళ్ళ. ఆవిడ ఏమీ అనలేదు. ఆ గుంట వైపు ఒకసారి చూసి టికెట్టును నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకున్నారు. అప్పటి నుంచి నేను అస్తరు లేని సంచినే వాడుతున్నాను.

ఇంకొకటి, తలకిందులుగా చూస్తే 6 కాస్తా 9 అవుతుంది, 68 కాస్తా 89 అవుతుంది, 18 కాస్తా 81, 19 కాస్తా 61. మంచి బిళ్ళలకు అంకె కింద గీత ఉంటుంది. లేకపోతే స్కెచ్ పెన్నుతో మీరే గీసుకోండి. తీసిన బిళ్ళను వెంటనే బోర్డులో పెట్టాలి గాని చేతిలో పోగు చేసుకోకూడదు.

ఎన్ని టికెట్లు తీసుకుంటే మంచిది?

ఆటలో 120 టికెట్లు ఉంటే, అందులో ఆరు మీవైతే, ఫుల్ హౌస్ మీకు వచ్చే అవకాశం ఇరవైలో ఒకటి. అంతకుమించి రహస్యం లేదు. ఆరు టికెట్ల పూర్తి షీటు తీసుకుంటే ప్రతి నంబరూ మీ దగ్గర ఉంటుంది కాబట్టి చెయ్యి ఖాళీగా ఉండదు, అంతే తప్ప విడిగా తీసుకున్న ఆరింటికంటే గెలుపు దగ్గరపడదు. కిందటిసారి గెలిచిన నంబర్లున్న టికెట్టు కోసం కట్టలో వెతికేవారిని చూస్తూనే ఉంటాను. సంచికి జ్ఞాపకశక్తి లేదు. మొదటి నంబరు చదివాక టికెట్లు ఇవ్వకపోవడం, ఒకసారి ఇచ్చిన టికెట్టును మార్చకపోవడం మాత్రం ఖచ్చితంగా పాటించాలి.

పిల్లలకు, చూపు సరిగా లేనివారికి సాయం చేయవచ్చా?

తప్పకుండా చేయవచ్చు. అయితే టికెట్టు ఎవరిదో బహుమతి వారికే వెళ్ళాలి. మనవడు అమ్మమ్మ టికెట్టుకు గీతలు గీసి చివర్లో నాది అని పట్టుకుపోతే, పక్కన ఉన్న పెద్దవారు వెంటనే కలగజేసుకోవాలి. లేచి వెళ్ళినవారి టికెట్టును పక్కవారు ఆడవచ్చు, వెళ్ళేముందు వారికి అప్పగించి ఉంటేనే.

ఆట మధ్యలో మాట్లాడుకోకూడదా?

మాట్లాడుకోండి, బిళ్ళ సంచిలోంచి బయటికి వచ్చేదాకా. అది వచ్చి నంబరు చదివే ఆ మూడు సెకన్లు మాత్రం మౌనం కావాలి. ఫోన్ వస్తే పక్కకు వెళ్ళండి. "ఇంకొక్కటి చాలు, ఇంకొక్కటి చాలు" అని పైకి జపించేవారిని ఆపలేం గానీ, పక్కవారి టికెట్టులోకి తొంగి చూసి "మీకు ఇంకా ఐదు ఉన్నాయా!" అనడం మర్యాద కాదు.

డబ్బు పెట్టి ఆడవచ్చా?

ఇక్కడ జాగ్రత్త అవసరం. మన రాష్ట్రంలో జూదాన్ని నియంత్రించేది 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1968లో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో చెప్పింది. ఆ తీర్పును చూపించి తంబోలాకూ అదే వర్తిస్తుందని వాదించేవారు ఉన్నారు, కానీ సంచిలో చెయ్యి పెట్టి తీసే బిళ్ళలో నైపుణ్యం ఎక్కడుంది? టికెట్ల సొమ్మును పోగుచేసి, నిర్వాహకులు అందులో కొంత తీసుకుని, మిగతాది నగదుగా పంచే చోట కూర్చోకపోవడమే మేలు. మా సంఘంలో టికెట్లు ఉచితం, మనిషికి రెండు. బహుమతులు స్టీలు గిన్నెలు, ప్లాస్కులు, చీపురుకట్టలు. వాటి ఖర్చు సంఘానిదే. చీపురుకట్ట గెలిచినవారు దాన్ని పట్టుకుని ఊరేగినంత ఆనందంగా నగదు గెలిచినవారు ఎవరూ ఉండగా నేను చూడలేదు.

ఫోన్‌లో ఆడితే?

లాక్‌డౌన్ రోజుల్లో చాలా కుటుంబాలు వీడియో కాల్‌లో తంబోలా ఆడాయి. సరదాకైతే అభ్యంతరమేమీ లేదు, టికెట్టు ఫొటోను ఆట మొదలుకాకముందే అందరికీ కనిపించేలా గ్రూపులో పెట్టమనండి. డబ్బు పెట్టి ఆడే యాప్‌ల సంగతి వేరు. ఆన్‌లైన్ పందేలను రాష్ట్రం 2020లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. "మీకు బోనస్ వచ్చింది" అంటూ తంబోలా పేరుతో వచ్చే లింకులను నొక్కకండి.

పిల్లల దగ్గరికి లండన్‌కో, అమెరికాకో వెళ్ళినప్పుడు అక్కడి బింగో హాలుకు వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, ఈ ప్రశ్నను మా కాలనీలో ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. బ్రిటన్‌లో 1960 నాటి చట్టంతో 1961 నుంచి వాణిజ్య బింగో హాళ్ళు విస్తరించాయి. మన దగ్గర మూతబడిన సినిమా హాళ్ళు కొన్ని కల్యాణ మండపాలైనట్టు అక్కడ కొన్ని బింగో హాళ్ళయ్యాయి. పద్దెనిమిదేళ్ళు నిండాలి, వయసు రుజువు అడగవచ్చు కాబట్టి మనవలను తీసుకెళ్ళకండి. ఇంగ్లండులో 2007 జూలై 1 నుంచి లోపల పొగతాగడం నిషేధం. అక్కడ ఆట చాలా వేగం, పెన్నుకు బదులు డాబర్ అనే ముద్ర వేసే మార్కర్ వాడతారు. నంబర్లు చదివేటప్పుడు హాలంతా సూది పడితే వినబడేంత నిశ్శబ్దంగా ఉంటుంది. మనవాళ్ళు చేసే పొరపాటు సరిగ్గా ఇక్కడే, పక్కవారికి తెలుగులో నంబరును అనువదించి చెబుతారు. అలా చేస్తే చుట్టూ ఉన్నవారంతా తిరిగి చూస్తారు. గెలిస్తే గట్టిగా "హౌస్" అనాలి, హాలు ఉద్యోగి మీ దగ్గరికి వచ్చి సరిచూస్తారు, మీరు లేవనక్కరలేదు.

అమెరికాలో టికెట్టు అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గడులు. మధ్య గడి ఉచితం కాబట్టి ఉండే నంబర్లు 24. ప్రతి ఆటకూ ఒక ఆకారం ప్రకటిస్తారు, ఆ ఆకారం నిండితేనే గెలుపు. నంబరున్న బంతి ముందుగా టీవీ తెరపై కనబడుతుంది, కానీ చదివాకే అది లెక్కలోకి వస్తుంది. తెర చూసి తొందరపడి అరిస్తే బోగీయే. చర్చిల్లో, దాతృత్వ సంస్థల్లో నడిచే చిన్న ఆటలకు వెళ్తే ఒక మాట: ఖాళీగా కనబడిన కుర్చీలో కూర్చునే ముందు పక్కవారిని అడగండి. పదేళ్ళుగా అదే కుర్చీలో కూర్చునే పెద్దవారు అక్కడా ఉంటారు, మన సంఘంలో ఫ్యాను కింది కుర్చీ లాగే.

ఆట మధ్యలో భోజనాల పిలుపు వస్తే?

బోర్డును కదపకుండా మీద తువ్వాలు కప్పండి, ఆఖరుగా చదివిన నంబరును కాగితం మీద రాసి సంతకం పెట్టండి, సంచి మూతి కట్టండి. భోజనాల తరువాత ఆ నంబరును మళ్ళీ ఒకసారి చదివి మొదలుపెట్టాలి. మజ్జిగ పోసుకుంటూ టికెట్టు తడిపేసుకున్నవారికి కొత్త టికెట్టు ఇవ్వరు.